నురగ కట్టే కోడి

డయాలిసిస్ సెంటర్ వాళ్ళు నెలకోసారి ఇచ్చే రక్తపరీక్ష కాగితం మీద అంకెల పక్కన ముఖాలు అచ్చువేసి ఉంటాయి. అంకె బాగుంటే నవ్వే ముఖం, బాగాలేకపోతే మూతి ముడుచుకున్న ముఖం. ఓజెల్లా కాగితం మీద జనవరి నెలలో ఆరు ముఖాలు నవ్వాయి. ఏడోది మూతి ముడుచుకుంది. దాని పక్కన ‘ఫాస్’ అని, దాని ఎదురుగా ఏడు పాయింట్ ఎనిమిది అని ఉంది.

"ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి భోజనం వడ్డించాను. ఏ పిల్లకీ ముఖం అంటించలేదు," అంది ఓజెల్లా కాగితాన్ని దూరంగా పట్టుకుని. "అరవై రెండో ఏట నాకు అంటిస్తున్నారు."

"ముఖం సంగతి సరే, అంకె చూడమ్మా," అంది కూతురు కొరీన్.

"చూశానే. అది పోయిన నెలదే. దానికి నా ఇల్లు నచ్చింది, కదలనంటోంది."

కొరీన్‌కి నవ్వు రాలేదు. ఫాస్ అంటే ఫాస్ఫరస్, దాని సంగతి ఆమెకి ఇప్పుడు కంఠతా వచ్చు. పాడైన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు, మిషను కొంత మాత్రమే తీయగలదు. మిగిలింది ఎముకల్లోని సున్నాన్ని లాగేస్తుంది, రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది, ఒళ్ళంతా దురద పుట్టిస్తుంది. తల్లి చెక్క గరిటె వీపు మీదికి పెట్టి గోక్కోవడం రోజూ కనబడుతూనే ఉంది. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. కొత్త కిడ్నీ కోసం బర్మింగ్‌హామ్ ఆస్పత్రి జాబితాలో పేరు ఎక్కాలంటే ఈ ముఖం నవ్వాలి. వరసగా మూడు నెలలు ఐదున్నర లోపు ఉండాలి. నియమం పాటించని రోగికి కిడ్నీ పెడితే అదీ పాడైపోతుందని అక్కడి డాక్టర్ల కమిటీ నమ్మకం.

జాబితాలో పేరు ఎక్కడమంటే ఓజెల్లాకి ఒకటే అర్థం. శనివారాలు తిరిగి వస్తాయి. మంగళ, గురు, శనివారాల్లో నాలుగేసి గంటలు సెంటర్లో మిషను పక్క కుర్చీకి కట్టుబడిపోయాక చర్చి గాయకబృందం శనివారం సాధన ఆమెకి పోయింది. రెండో వరసలో చివరి కుర్చీ ఆమెది. అందులో ఇప్పుడు ఫ్లోరిన్ కూర్చుంటోంది. ఆమె శ్రుతి ఎక్కడ జారుతుందో ఓజెల్లా వెనక బల్ల మీద నుంచి వింటూనే చెప్పగలదు.

సెంటర్లో తిండి సలహాలు చెప్పే లిండ్సీ ఇంకా ముప్ఫై దాటని అమ్మాయి. మెడలో తాడుకి కట్టిన గుర్తింపు కార్డు, చేతిలో రెండు వరసల జాబితా. ఎడమవైపు వద్దు, కుడివైపు తినొచ్చు.

"మిస్ ఓజెల్లా, నల్ల కోలా తాగుతున్నారా?"

"లేదు బంగారం. రెండేళ్ళయింది మానేసి. కలలోకి కూడా రావడం మానేసింది."

"జున్ను? చిక్కుళ్ళు? వేరుశనగలు?"

"లేదు."

"ఫాస్‌ని పట్టేసే మాత్రలు తిండితోపాటే వేసుకుంటున్నారా?"

"ముద్దకి ముందు ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. ఆకలి మాత్రలతోనే తీరిపోతోంది."

"మరి చికెన్ తింటున్నారు కదా? మిషను మీద ఉన్నవాళ్ళకి మాంసకృత్తులు బాగా కావాలి. చికెన్ ఇంకొంచెం పెంచినా పరవాలేదు."

"చికెన్‌కి మా ఇంట్లో లోటేంటి? మా అమ్మాయి చికెన్ ఫ్యాక్టరీలోనే పనిచేస్తుంది."

లిండ్సీ నవ్వి కొరీన్ వైపు తిరిగి, "అదృష్టవంతులు," అంది. కొరీన్ కూడా నవ్వింది. తరవాత ఈ నవ్వు ఆమెకి చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ ఊళ్ళో ఫ్యాక్టరీ ఉంది, రెండు చవక సామాన్ల దుకాణాలున్నాయి, పెట్రోలు బంకులున్నాయి. ఆకుకూర కావాలంటే నది దాటి జిల్లా కేంద్రానికి పోవాలి, కారున్నవాళ్ళని బతిమాలుకోవాలి. దుకాణాల్లో దొరికేవి డబ్బాల్లో సాసేజీలు, అట్టపెట్టెల్లో గడ్డకట్టిన భోజనాలు, ఏడాదైనా పాడవని రొట్టె. ఇవేవీ ఓజెల్లాకి పనికిరావని కొరీన్ మొదటి నెలలోనే తెలుసుకుంది. కానీ ప్రతి శుక్రవారం పని దిగేటప్పుడు ఫ్యాక్టరీ వెనక గుమ్మం దగ్గర పనివాళ్ళకి చికెన్ పెట్టెలు ఇస్తారు. బయటి ధరలో పావు వంతు కూడా పడదు. శుభ్రమైన ముక్కలు, రొమ్ము, తొడలు. తల్లికి పెట్టగలిగిన మంచి తిండి తన చేతుల మీదుగానే వస్తోందన్న సంగతి కొరీన్ బయటికి ఎప్పుడూ అనలేదు కానీ, ఆ పెట్టె భుజం మీద పెట్టుకుని నడిచేటప్పుడు ఆమె నడక వేరుగా ఉండేది.

ఓజెల్లా వాళ్ళమ్మలాగే చికెన్‌ని వెనిగర్ వేసి కడగనిదే వండదు. కడిగినప్పుడల్లా ఒక మాట అనేది.

"ఇదేం కోడే, నురగ కడుతోంది? సబ్బు పెట్టి తోమారా దీన్ని?"

"అవునమ్మా, సబ్బే," అని కొరీన్ నవ్వేది.

ఆ నవ్వుకి కారణముంది. ఫ్యాక్టరీలో కొరీన్ పని అదే. తలకి వల, కాళ్ళకి రబ్బరు బూట్లు, ఎముకలు కొరికే చలిగది. స్టీలు తొట్టిలో చల్లటి నీళ్ళు నింపి, బస్తా కోసి, తెల్లపొడి కలపాలి. ఆ నీళ్ళు పైపుల్లోంచి వెళ్ళి, వందల సూదులున్న యంత్రం గుండా చికెన్ ముక్కల్లోకి ఎక్కుతాయి. ముక్క నీరు పట్టుకుని బరువుగా, మెత్తగా ఉంటుంది. బస్తా మీద పెద్ద అక్షరాల్లో ‘నలభై’ అన్న అంకె, కింద సరఫరా కంపెనీ గుర్తు ఉంటాయి. ఆ పొడి తడి చేతికి తగిలితే జారుతుంది, ఎంత కడిగినా జారుతూనే ఉంటుంది. అందుకని కొరీన్ రాకముందు నుంచే అక్కడందరూ దాన్ని సబ్బు అనేవాళ్ళు. ‘ఇవాళ సబ్బు ఎవరిది?’ ‘సబ్బు తక్కువైంది, ఇంకో బస్తా కొయ్యండే!’ పదకొండేళ్ళుగా కొరీన్ నోట్లో కూడా అదే పేరు.

ఫిబ్రవరిలో అంకె ఎనిమిది దాటింది.

ఇంక కొరీన్‌కి ఒక్కటే అర్థమైంది. అమ్మ చాటుగా తింటోంది. చెత్తబుట్ట కెలికింది. పరుపు కింద చూసింది. పొరుగింటి అరుగు మీద కోలా సీసా మూత కనబడితే అది ఎవరు తాగారని ఆ ఇంటావిణ్ణి అడిగింది. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం ఆమె అనుమానాన్ని ఇంకా పెంచింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో భోజనాలు. ఓజెల్లా పళ్ళెంలో కాసిని పచ్చి బీన్సు, చెంచాడు అన్నం మాత్రమే పెట్టుకుంది. కొరీన్ రెండు బల్లల అవతల నుంచి కనిపెడుతూనే ఉంది. తల్లి ఇటూ అటూ చూసి, పర్సులో చెయ్యి పెట్టి, ఏదో తీసి నోట్లో వేసుకుంది.

కొరీన్ లేచి వెళ్ళింది. "ఏంటది?"

"ఏది?"

"నోట్లో వేసుకున్నది. ఏదీ, పర్సు ఇలా ఇయ్యి."

"కొరీన్, ఇక్కడొద్దే. ఇంటికెళ్ళాక."

"ఇంటికెళ్ళాక ఏం మిగులుతుంది చూడ్డానికి?"

పర్సు లాక్కుని బల్ల మీద బోర్లించింది. టిష్యూ కాగితంలో చుట్టిన రెండు మాత్రలు దొర్లాయి. ఒక పిప్పర్మెంటు బిళ్ళ, కళ్ళజోడు గుడ్డ, గాయకబృందం పాత పాటల వరస రాసుకున్న చీటీ. మూడో మాత్ర ఓజెల్లా నోట్లో ఉంది. అందరి ముందూ మందు మింగడం ఇష్టంలేక అలా చాటుగా వేసుకుందామె. ఫ్లోరిన్ తన పళ్ళెంలోని కేకు వైపు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టింది. పాస్టర్ భార్య కుర్చీలు సర్దసాగింది.

ఓజెల్లా ఒక్కొక్కటే ఏరి పర్సులో పెట్టుకుంది. పిప్పర్మెంటు బిళ్ళ మటుకు కొరీన్ చేతిలో పెట్టింది. "ఇది కూడా పట్టుకెళ్ళి చూపించు ఆ అమ్మాయికి."

అప్పుడైనా కొరీన్ ఆగాల్సింది. ఆగలేదు. ఇప్పుడు పర్సులో దొరకలేదంటే ఇంకెక్కడో ఉందన్నమాట, అనుకుంది. మార్చిలో బర్మింగ్‌హామ్ ఆస్పత్రి నుంచి ‘ఇంట్లో చూసుకునేవారి అభిప్రాయం’ అన్న కాగితం వచ్చింది. రోగి ఆహార నియమం పాటిస్తున్నారా అన్న ప్రశ్న కింద మూడు గళ్ళు: ఎప్పుడూ, చాలావరకు, అరుదుగా. కొరీన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని మూడో గడిలో టిక్కు పెట్టింది. కింద ఖాళీలో ‘మా అమ్మ చాటుగా తింటోందని నా అనుమానం. మీరు గట్టిగా చెబితే వింటుంది’ అని రాసింది. సంతకం పెట్టింది. పక్కగదిలో తల్లి కొరీన్ పుట్టినరోజుకి చేస్తున్న కేకు కోసం అమ్మమ్మ నాటి గిన్నె వెతుకుతోంది. ఆ కేకులో ఓజెల్లా ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. ఆ సంగతి కూడా కొరీన్ చూసింది. చూసి, నటన అనుకుంది.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. ఓజెల్లా పెట్లీ దరఖాస్తును ప్రస్తుతం పక్కన పెడుతున్నాం, ఆరు నెలల తరవాత మళ్ళీ పరిశీలిస్తాం అని. కారణం దగ్గర ఒక్క వాక్యం: ‘నియమపాలన లోపం.’

ఓజెల్లా రెండుసార్లు చదివింది. "ఎవరు చెప్పారే వీళ్ళకి నేను పాటించట్లేదని?"

"అంకె చూసి అనుకుని ఉంటారు," అంది కొరీన్, గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా.

"అంకెకి నోరుంటే బాగుండు. ఎక్కణ్ణించొచ్చావే అని అడిగేదాన్ని."

మే నెలలో ఒక మధ్యాహ్నం చలిగదిలో బస్తా జారి పగిలింది. తెల్లపొడి దుమ్ములా లేచి, పక్కనే ఉన్న డెల్ఫీన్ కళ్ళల్లో పడింది. డెల్ఫీన్, కొరీన్ ఒకే రోజున పనిలో చేరారు. ఆమెని పంపు దగ్గరికి తీసుకెళ్ళి పావుగంట కళ్ళు కడిగారు. ఆ మర్నాడు సూపర్‌వైజరు గారిటీ అందర్నీ నిలబెట్టి, ప్లాస్టిక్ తొడుగులో ఉన్న కాగితం ఒకటి గోడకి అంటించాడు.

"ఇది ఆ పొడి గురించి. అందరూ వినాలని పైనుంచి ఆర్డరు. కొరీన్, నువ్వు చదువు. నీ గొంతు యంత్రాల మీంచి కూడా వినిపిస్తుంది."

"మా అమ్మ గొంతు వింటే మీ యంత్రాలు ఆగిపోతాయి," అని కొరీన్ ముందుకొచ్చింది. డెల్ఫీన్ ఎర్రటి కళ్ళతోనే ఇకిలించింది.

"పదార్థం: మాంస ద్రావణ మిశ్రమం, నంబరు నలభై. కళ్ళకి తగిలితే మంట. పీలిస్తే దగ్గు. అందులో ఉన్నవి: ఉప్పు, సోడియం ట్రైపాలీ..." ఆమె పదాన్ని ముక్కలు చేసి చదువుతోంది. "ట్రైపాలీ... ఫాస్... ఫేటు."

ఆగిపోయింది.

"ఏమైందే?" అంది డెల్ఫీన్. "నాలిక మడత పడిందా?"

కొరీన్ వేలు ఆ పదం మీదే ఉంది. వేలి కింద ‘ఫేటు’ దాచి, దాని ముందున్నది చూసింది. రక్తపరీక్ష కాగితం మీద మూతి ముడుచుకున్న ముఖం పక్కన ఉన్నది అదే, ‘ఫాస్’.

"గారిటీ గారూ, ఇది ముక్కలోకి ఎంత పోతుంది?"

"నీళ్ళతో కలిపి పన్నెండు శాతం. అంతా చట్టప్రకారమే. కవరు మీద రాసే ఉంటుంది, ద్రావణం కలిపినది అని."

"అది కాదు. ఈ ఫాస్ఫేటు. అదొక్కటే ఎంత?"

"అంత లెక్క నాకెందుకు, నీకెందుకు? మొత్తం పావు చెంచా ఉండదు. నాలుగో లైను చదువు."

నాలుగో లైను ఆమె ఎలా చదివిందో ఆమెకి తెలీదు. ఆ సాయంత్రం దాకా సూదుల యంత్రం పైకి లేస్తూ కిందికి దిగుతూనే ఉంది. ఆ సూదులు చూస్తుంటే అమ్మ ఎడమచేతిలో దిగే రెండు సూదులు గుర్తొచ్చాయి. పగలంతా నేనే ఎక్కిస్తున్నాను, వాళ్ళు అది తియ్యడానికి నాలుగేసి గంటలు కూర్చోబెడుతున్నారు, అనుకుంది. ఆ తరవాత ఇంకేమీ అనుకోకుండా ఉండటానికి ప్రయత్నించింది.

ఇంటికి వెళ్ళేసరికి ఓజెల్లా సింకు ముందు నిలబడి తొడ ముక్కలు కడుగుతోంది. సింకులో తెల్లటి నురగ.

"అమ్మా, అది వదిలెయ్యి."

"సగం కడిగాక వదిలెయ్యడమేంటి?"

"వదిలెయ్యమంటున్నానా! నువ్వు తినకు దాన్ని."

ఓజెల్లా వెనక్కి తిరిగింది. కొరీన్ కుర్చీలో కూలబడి అంతా చెప్పింది. సబ్బు పేరు, బస్తా, గోడ మీది కాగితం, పన్నెండు శాతం. ఫ్రీజరు తలుపు తీసి, కవరు మీద చీమల్లాంటి అక్షరాలు చూపించింది. రుచి, మెత్తదనం నిలవడానికి ద్రావణం కలిపినది. ఫాస్ ఎంతో మటుకు ఎక్కడా లేదు.

ఓజెల్లా కాసేపు ఆ కవరుని తిప్పి తిప్పి చూసింది. తరవాత ఆమెకి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, ఆ మీదట పొట్ట పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"నేను చెప్పలా? రెండేళ్ళుగా చెబుతున్నా, సబ్బు సబ్బు అని. కాలేజీకెళ్ళొచ్చావ్, నా మాట వింటేగా!"

"నవ్వకమ్మా."

"ఏడ్వమంటావా? మిషను మీద ఉన్నదాన్ని, కన్నీళ్ళకి కూడా కొలత ఉంది." నవ్వు ఆగాక ఆమె చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "అయితే నేను చాటుగా తినలేదన్నమాట."

"లేదమ్మా."

"ఆ మాట ఇంకోసారి అను."

"నువ్వు చాటుగా తినలేదు."

"ఊఁ," అంది ఓజెల్లా. ఆ ఊఁ విన్నాక కొరీన్ మార్చిలో తను బర్మింగ్‌హామ్‌కి రాసిన కాగితం సంగతి చెప్పేయాలనుకుంది. నోరు తెరిచింది కూడా. "రేపు లిండ్సీతో మాట్లాడతాను," అన్న మాట బయటికొచ్చింది.

చికెన్ సంగతి చెప్పడం తేలికే అని ఆమెకి అప్పుడే తెలిసింది. అది తెలియక చేసిన తప్పు. తెలియక చేసినదాన్ని చెబితే తల్లి నవ్వింది. రెండోది తెలిసి చేసింది. పెన్ను పట్టుకుని, కుర్చీలో సుఖంగా కూర్చుని, మూడు గళ్ళలోంచి ఒకటి ఎంచుకుని చేసింది.

ఫ్రీజర్లో పద్నాలుగు కవర్లున్నాయి. ఓజెల్లా పారెయ్యనివ్వలేదు. ఎవరికైనా ఇద్దామంటే, ఆ వీధిలో ఎవరికిస్తారు? పొరుగింటావిడకి చక్కెర జబ్బు, ఎదురింటాయన మిషను ఎక్కబోతున్నవాడు. చివరికి కొరీన్ తనే తింది. వేసవంతా తిరగేసి మరగేసి అదే వండుకుని తింది. తల్లికి వేరే గిన్నెలో గుడ్డు తెల్లసొన, డెల్ఫీన్ మొగుడు నదిలో పట్టి తెచ్చిచ్చే చిన్న చేపలు. వారానికొకసారి డెల్ఫీన్ కారులో నది దాటి, ఏ ద్రావణమూ ఎక్కించని కోడి ఒక్కటి తెచ్చేది. శుక్రవారం పెట్టెలో నాలుగు కోళ్ళొచ్చే మొత్తానికి అక్కడ ఒకటి వచ్చేది.

పనికి మటుకు వెళుతూనే ఉంది. తల్లి వైద్యానికి సగం బీమా ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది. పొద్దున్నే బస్తా కోసేది. చుట్టూ అందరూ సబ్బు అంటే ఆమె తన వంతుకి ‘నలభై’ అనేది.

గోడ మీది కాగితం చదివిన మర్నాడే, సెంటర్లో లిండ్సీ ఆ కవరుని చాలాసేపు చూసింది. తన జాబితా తీసింది. చికెన్ కుడివైపు, తినొచ్చు అన్నచోటే ఉంది.

"పైనుంచి కలిపిన ఫాస్ శరీరంలోకి దాదాపు అంతా వెళ్ళిపోతుంది," అంది నెమ్మదిగా. "చిక్కుళ్ళలో ఉన్నది సగం కూడా వెళ్ళదు. కాలేజీలో చదివాను ఇది. కానీ..." ఆమె తలెత్తి గదిలోని పన్నెండు కుర్చీల వైపు చూసింది. నాలుగు కుర్చీల పక్కన ఫ్యాక్టరీ గుర్తున్న, చల్లదనం నిలిపే సంచులు, అందులో మధ్యాహ్నం భోజనాలు. "ఈ గది మొత్తం ఫాస్ ఎక్కువే. అందరూ కోలా తాగుతున్నారనుకున్నాను. అందరితో అదే అన్నాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"మా అమ్మ దరఖాస్తు మళ్ళీ తెరిపించొచ్చా?" అంది కొరీన్.

లిండ్సీ కంప్యూటర్లో వెతికింది. వెతుకుతూ ఒకచోట ఆగింది. "ఇక్కడ మీ అభిప్రాయం ఉంది."

"తెలుసు. అది తప్పు. వెనక్కి తీసుకోవాలి."

"తీసుకోవచ్చు. సవరణ రాయాలి. కానీ పాత కాగితానికే జతచేసి పంపాలండీ. దాని మీద మీ సంతకం, పక్కన మిస్ ఓజెల్లా సంతకం. రోగి చదివి ఒప్పుకున్నట్టు."

"చదివా?"

"చదివి."

ప్రింటరు రెండు కాగితాలు కక్కింది. కొరీన్ అవి పట్టుకుని ఏడో కుర్చీ దాకా నడవాలి. మధ్యలో రెండుసార్లు ఆగి, బూటు లేసు బాగానే ఉన్నా ముడి విప్పి మళ్ళీ వేసుకుంది.

ఓజెల్లా దుప్పటి కప్పుకుని వెనక్కి వాలి ఉంది. ఎడమచేతిలోంచి ఎర్రటి గొట్టాలు మిషనులోకి వెళుతున్నాయి. లేచి పోవడానికి వీల్లేదు, ముఖం తిప్పుకోవడానికి కూడా పెద్దగా వీల్లేదు. ఇలా కట్టేసి ఉన్నప్పుడు చెబుతున్నానే అని కొరీన్‌కి సిగ్గేసింది. కానీ ఇంటికి తీసుకెళితే మళ్ళీ చెప్పలేదని కూడా ఆమెకి తెలుసు.

"అమ్మా, ఒక సంతకం కావాలి. ముందు ఇది చదవాలి."

"కళ్ళజోడు పర్సులో ఉంది."

పర్సు కొరీన్ పక్కనే ఉంది. ఆమె దాన్ని తెరవలేదు, తల్లి ఒడిలో పెట్టింది. ఓజెల్లా కుడిచేత్తో కళ్ళజోడు తీసి పెట్టుకుంది. పై కాగితం చదివింది. కింది కాగితం చదివింది. పెదవులు కదులుతున్నాయి. ‘మీరు గట్టిగా చెబితే వింటుంది’ దగ్గర ఆగాయి.

మిషను ఏదో గుర్తుచేస్తున్నట్టు కూత పెట్టింది. నర్సు వచ్చి మీట నొక్కి వెళ్ళింది.

"మార్చి పద్నాలుగు," అంది ఓజెల్లా తేదీ మీద వేలు పెట్టి. "నీ పుట్టినరోజుకి ముందురోజు."

"అవును."

"నేను గిన్నె ఎక్కడుందే అని అడిగితే, పై అరలో చూడమన్నావ్."

"అవును."

"దీని మీద సంతకం పెడుతూనే అన్నావా ఆ మాట?"

కొరీన్ తలాడించింది. క్షమించమని అడుగుదామనుకుంది. అడిగితే తల్లి ఏదో ఒకటి జవాబివ్వాల్సి వస్తుంది, కుర్చీలో కట్టేసి ఉన్న మనిషి చేత అది కూడా ఎందుకు చేయించాలి అనిపించింది. "నిన్ను భయపెడితే బతుకుతావనుకున్నాను," అంది.

"భయపెట్టడానికి నీకు వేరే ఊరి డాక్టర్లు కావాల్సొచ్చారా? ఎదురుగా వచ్చి నిలబడితే చాలదూ?" ఓజెల్లా కళ్ళజోడు తీసేసింది. "పెన్ను."

కొరీన్ ఇచ్చింది. ఓజెల్లా తన పేరు పూర్తిగా, బడి రిజిస్టరులో రాసేంత పొందిగ్గా రాసింది. కాగితాలు తిరిగిచ్చి, కళ్ళు మూసుకుంది.

ఇంటికి రాగానే వంటింటి బల్ల మీద పర్సు పెట్టి, మూత తెరిచి, అలాగే వదిలేసింది.

"ఏంటమ్మా ఇది?"

"చూసుకో. మళ్ళీ బోర్లించే శ్రమెందుకు నీకు?"

కొరీన్ మూత మూసింది. టక్కుమన్న ఆ చప్పుడు చిన్నదే. మర్నాడు ఓజెల్లా చర్చి నుంచి వచ్చింది, మళ్ళీ తెరిచి పెట్టింది. ఎత్తిపొడుపు ఆ మొదటిరోజుతోనే అయిపోయింది. బయటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా తలుపు పక్కన చెప్పులు విడిచినట్టు, బల్ల మీద పర్సు తెరిచి పెట్టేది. కొరీన్ వచ్చి మూసేది. ఒకరోజు మూయకుండా వదిలేస్తే ఏమవుతుందో చూద్దామనుకుంది. రెండు గంటలు ఆ తెరిచిన పర్సు పక్కన కూరగాయలు తరిగాక ఆమె వల్లకాలేదు.

అంకె జూన్‌లో ఆరున్నరకి దిగింది. జూలైలో ఐదు పాయింట్ నాలుగు. కాగితం మీద ఏడో ముఖం కూడా నవ్వింది. ఓజెల్లా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, "ఇంత నవ్వు నవ్వడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు?" అని దాన్నే అడిగింది. గోక్కునే చెక్క గరిటె మళ్ళీ వంటకి తిరిగొచ్చింది. ఆగస్టు, సెప్టెంబరు కూడా ఐదున్నర దాటలేదు. లిండ్సీ తన జాబితా మార్చింది. చికెన్ ఎదురుగా చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, కవరు చదవమని రాసింది. గదిలోవాళ్ళు చదివారు. చదివాక ఏం కొనాలో అడిగినవాళ్ళకి చెప్పడానికి ఆమె దగ్గర పెద్దగా ఏమీ లేదు.

అక్టోబరు రెండో వారంలో బర్మింగ్‌హామ్ కమిటీ ఓజెల్లాని రమ్మంది. ఉత్తరంతోపాటు అదే ‘అభిప్రాయం’ కాగితం, ఖాళీది ఇంకొకటి వచ్చింది. మూడు గళ్ళు. ఈసారి కొరీన్ తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పైకి చదివి, మొదటి గడిలో టిక్కు పెట్టింది.

"చాలావరకు అని పెట్టు," అంది ఓజెల్లా. "నీ పుట్టినరోజు కేకు గిన్నె నాకేశాను."

కొరీన్ పెన్ను ఆగింది. తల్లి ముఖంలోకి చూసింది. అది నిజమో ఎగతాళో ఆ ముఖం చెప్పలేదు. టిక్కు అలాగే ఉంచింది.

బయల్దేరే రోజు పొద్దున్న రోగుల్ని తీసుకెళ్ళే వ్యాను వాకిట్లో ఆగింది. దాని మెట్టు ఎత్తు. ఓజెల్లా నీలం కోటు వేసుకుంది, చర్చి టోపీ పెట్టుకుంది. మెట్టు మీద కాలు మోపి, రెండు చేతులా కడ్డీ పట్టుకోవాల్సొచ్చి, ఒక్క క్షణం ఆగింది.

"ఇది పట్టుకో," అని వెనక్కి చూడకుండా పర్సు అందించింది.

మూత వేసి ఉంది. కొరీన్ దాన్ని రెండు చేతులా అందుకుంది. తనని నమ్మి ఇచ్చిందో, మెట్టు ఎత్తుగా ఉండి ఇచ్చిందో తేల్చుకోలేకపోయింది. లోపల ఓజెల్లా కిటికీ పక్క సీట్లో సర్దుకుని కూర్చుని చెయ్యి చాపేదాకా, దాన్ని గుండెకి ఆనించి, మూత మీద నుంచి బొటనవేలు తియ్యకుండా పట్టుకుని నిలబడింది.